మ్యాగజైన్ జర్నలిజంలోకి రావాలంటే: బెజవాడ, గుంటూరు డిగ్రీ విద్యార్థులకు పీజీ శిక్షణ దారి

జర్నలిజం పీజీలో చేరదామనుకునేవాళ్లు ముందుగా అడిగేది "ఏ కాలేజీ మంచిది?" అని. తర్వాత "ఉద్యోగం వస్తుందా?" అని. రెండూ అడగాల్సినవే. అయితే వారపత్రికల్లో, మాసపత్రికల్లో, ఆదివారం అనుబంధాల్లో పెద్ద కథనాలు రాయాలని ఉన్నవాళ్లు వాటికంటే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: అక్కడ నా కాపీ, అంటే నేను రాసిన కథనం, ఎవరు దిద్దుతారు? ఎర్ర పెన్ను పట్టుకుని మీ పేజీని వాక్యం వాక్యం చదివే మనిషి దొరికితే మామూలు కోర్సులో కూడా పని వస్తుంది. అలాంటి మనిషి లేకపోతే ఎంత పేరున్న చోటు నుంచైనా పట్టా ఒక్కటే వస్తుంది. కింద చెప్పేవన్నీ దాదాపుగా ఈ ఒక్క విషయం పట్టుకుని చెప్పేవే.

ముందు మీకు నప్పుతుందో లేదో చూసుకోండి

దినపత్రిక రిపోర్టర్ సాయంత్రానికల్లా వార్త ఇచ్చేయాలి. మ్యాగజైన్‌కు రాసేవాళ్లకు సమయం దొరుకుతుంది కానీ, ఆ సమయానికి తగ్గ సరుకు తేవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు దినపత్రికలు నీటిమట్టం, పడవలు, ఆహార పొట్లాలు, సహాయక చర్యలు రాశాయి. ఆ రోజున జనానికి కావాల్సింది అదే. మ్యాగజైన్ కథనం నీళ్లు తీశాక మొదలవుతుంది. డైవర్షన్ చానల్ గట్లకు గండ్లు ఎందుకు పడ్డాయి? బుడమేరు పాత దారిలో ఇళ్లు ఎప్పుడు, ఎవరి అనుమతితో వచ్చాయి? మునిగిన ఆటోలు, బైకులు మళ్లీ రోడ్డెక్కడానికి ఎంత ఖర్చయింది, ఆ అప్పు ఎవరిచ్చారు? తడిసిన సర్టిఫికెట్లతో పిల్లల చదువులు ఏమయ్యాయి?

ఈ ప్రశ్నలు చదువుతుంటే మీకు ఇంకో నాలుగు ప్రశ్నలు తోచాయా? అయితే మీది మ్యాగజైన్ బుర్రే. "ముందు వార్త నేనే బ్రేక్ చేయాలి" అన్న ఉత్సాహం ఎక్కువగా ఉంటే దినపత్రికో, చానలో మీకు బాగా సరిపోతుంది. ఇందులో ఎక్కువ తక్కువలేమీ లేవు.

కోర్సులో చేరకముందే చదవడం నేర్చుకోండి

పత్రికల విషయంలో మన కృష్ణా, గుంటూరు ప్రాంతాలకు పెద్ద చరిత్రే ఉంది. కృష్ణాపత్రిక 1902లో మచిలీపట్నంలో పుట్టింది. ఆంధ్రజ్యోతి దినపత్రిక 1960లో నార్ల వెంకటేశ్వరరావు సంపాదకత్వంలో బెజవాడలోనే మొదలైంది. విశాలాంధ్ర ఇక్కడిదే. స్వాతి వారపత్రిక ఇక్కడి నుంచే వస్తోంది. పాత సంచికలు చూడాలంటే గాంధీనగర్‌లోని రామమోహన గ్రంథాలయానికి గానీ, గుంటూరులో ఉంటే బృందావన్ గార్డెన్స్‌లోని అన్నమయ్య గ్రంథాలయానికి గానీ వెళ్లండి. ప్రెస్ అకాడమీ ఆన్‌లైన్‌లో పెట్టిన పాత పత్రికల్లో 1924లో మొదలైన భారతి మాసపత్రిక సంచికలు కూడా ఉన్నాయి. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దుకాణాలవాళ్లను అడిగితే పాత వారపత్రికలు తక్కువ ధరకే ఇస్తారు.

ఉత్తినే చదివితే చాలదు. ఒక మంచి కథనం జిరాక్స్ తీసుకుని మూడు రంగుల పెన్నులు పక్కన పెట్టుకోండి. రచయిత కళ్లారా చూసి రాసిన వాక్యాల కింద నీలం గీత, ఎవరో చెబితే రాసిన వాటి కింద ఎరుపు గీత, కాగితాల నుంచీ రికార్డుల నుంచీ తెచ్చిన వాటి కింద ఆకుపచ్చ గీత గీయండి. ఏ రంగూ పడని వాక్యాలు కొన్ని మిగులుతాయి. వాటిలో కొన్ని రచయిత ఆలోచనలు, మిగతావి ఊక. మంచి కథనంలో ఊక ఎంత తక్కువ ఉంటుందో, చూసింది ఎంత ఎక్కువ ఉంటుందో మీ కంటికే తెలుస్తుంది. ఆ తర్వాత మీరు రాసిన దాని మీద కూడా ఇలాగే గీతలు గీసుకోండి. మొదట్లో పేజీ చాలా వరకు తెల్లగానే మిగులుతుంది. ఫర్వాలేదు, ఎక్కడికి మళ్లీ వెళ్లాలో అదే చెబుతుంది.

ఎక్కడ చేరాలి

మన దేశంలో మ్యాగజైన్ జర్నలిజం అని విడిగా పీజీ దొరకడం అరుదు. బ్రిటన్‌లో కార్డిఫ్, లండన్ సిటీ యూనివర్సిటీల్లో అలాంటి కోర్సులు ప్రత్యేకంగా నడిచాయి. మన దగ్గర జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ పీజీలో ఫీచర్ రచన ఒక పేపర్‌గానో, పేపర్‌లో ఒక యూనిట్‌గానో ఉంటుంది. కాబట్టి కోర్సు పేరు చూసి వెనక్కి తగ్గొద్దు. లోపల ఏం చేయిస్తారో చూడండి.

దగ్గర్లో ఉన్నది ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం. విజయవాడ, గుంటూరు మధ్య హైవే పక్కనే ఉంది కాబట్టి ఇంటి దగ్గర నుంచే బస్సులో రోజూ వెళ్లిరావచ్చు. హాస్టల్ ఖర్చు మిగులుతుంది. అంతకన్నా ముఖ్యం, మీ ఊరి కథలు మీకు దూరం కావు. రాష్ట్రంలోని యూనివర్సిటీల్లో రెండేళ్ల పీజీకి ఏపీ పీజీసెట్ రాయాలి. ఏ డిగ్రీ వాళ్లకు అర్హత ఉంది, ఏ పరీక్ష పేపరు రాయాలి అన్నది ఆ ఏడాది నోటిఫికేషన్‌లోనే చూసుకోండి. సీనియర్లు చెప్పింది పాత సంవత్సరానిది కావచ్చు.

హైదరాబాద్ వెళ్లగలిగితే ఉస్మానియా, సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి. ఇంగ్లిష్ పత్రికలకు రాయాలనుకునేవాళ్లు చెన్నైలోని ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజం గురించి తెలుసుకోవాలి. దాని ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ వేరు. అది పీజీ డిప్లొమా. ఫీజు యూనివర్సిటీ ఫీజులతో పోల్చేలా ఉండదు కాబట్టి స్కాలర్‌షిప్ సంగతి ముందే కనుక్కోండి. ఢిల్లీలో 1965లో మొదలైన ఐఐఎంసీకి (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్) సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష ద్వారా వెళ్లాలి.

ఇవి కాక పెద్ద తెలుగు దినపత్రికలు సొంతంగా నడిపే జర్నలిజం స్కూళ్లున్నాయి. అక్కడ నేర్పుతూ కొంత భృతి కూడా ఇస్తారు. తర్వాత కొంతకాలం అక్కడే పనిచేస్తామని ఒప్పందం రాయించుకోవడం మామూలు. సంతకం పెట్టే ముందు ఆ కాగితం పూర్తిగా చదవండి. మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో ప్రత్యేకంగా చూడండి. కాపీ దిద్దించుకోవాలంటే మాత్రం ఈ స్కూళ్లను మించినవి తక్కువ, ఎందుకంటే అక్కడ రాసింది రేపు పేజీలోకి వెళ్లాల్సిన భాషలోనే ఉండాలి. డబ్బు ఇబ్బంది ఉన్న ఇంటి పిల్లలకు నేను ముందు ఈ దారే చెబుతాను.

ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లకు దూరవిద్య పీజీ పట్టా వరకు పనికొస్తుంది. దిద్దే మనిషిని మాత్రం మీరే బయట వెతుక్కోవాలి.

అప్లికేషన్ పెట్టే ముందు ఒకసారి ఆ డిపార్ట్‌మెంట్‌కు వెళ్లి రండి. ప్రాస్పెక్టస్ అడగొద్దు. సెకండియర్ విద్యార్థి ఎవరైనా కనిపిస్తే, "మీకు దిద్ది ఇచ్చిన అసైన్‌మెంట్ ఒకటి చూపిస్తారా?" అని అడగండి. పేజీ చివర మార్కులు మాత్రమే ఉంటే ఒక అర్థం, మార్జిన్లలో ప్రశ్నలుంటే ఇంకో అర్థం. ల్యాబ్ జర్నల్ (విద్యార్థులే తయారుచేసే పత్రిక) వస్తోందా, చివరి సంచిక ఎప్పుడు వచ్చింది అనేది అడగండి. పత్రికల్లో పనిచేసినవాళ్లు పాఠం చెప్పడానికి వస్తారో లేదో కూడా కనుక్కోండి. అరగంటలో మీకు తెలియాల్సింది తెలిసిపోతుంది.

ప్రవేశ పరీక్షలకు

యూనివర్సిటీ ప్రవేశ పరీక్షకు జనరల్ నాలెడ్జి, వర్తమాన వ్యవహారాలు, సిలబస్‌లో చెప్పినవి చదివితే చాలు. పత్రికల స్కూళ్ల పరీక్షకు అసలు పని అనువాదంలో ఉంటుంది. రోజూ ఇంగ్లిష్ పేపర్‌లో ఒక వార్త తీసుకుని, చదివి, పేపరు మూసేసి తెలుగులో రాయండి. చూస్తూ రాస్తే ఇంగ్లిష్ వాక్యమే తెలుగు లిపిలోకి దిగుతుంది. పెద్దవాళ్లకు గట్టిగా చదివి వినిపించండి. వాళ్లు "ఏంటీ, మళ్లీ చదువు" అన్న చోటల్లా తిరగరాయండి.

చేరాక: ఒక్క బీటు పట్టుకోండి

రెండేళ్లలో అన్నిటి మీదా రాయాలని చూస్తే ఏదీ లోతుగా రాదు. బీటు అంటే ఎప్పుడూ మీరు రాసే ఒక్క రంగం. మీకు రోజూ అందుబాటులో ఉండే ఒక చోటు ఎంచుకోండి. ఆటోనగర్ కావచ్చు, మంగళగిరి మగ్గాలు కావచ్చు, కొండపల్లి బొమ్మలకు కావాల్సిన పొణికి కర్ర కావచ్చు. ఇక్కడ గుంటూరు మిర్చి యార్డును ఉదాహరణగా తీసుకుంటాను.

మొదటిసారి వెళ్లినప్పుడు ఎవరినీ ఇంటర్వ్యూ చేయొద్దు. సీజన్‌లో పొద్దున్నే వెళ్లి తిరగండి, చూడండి, మాటలు వినండి. టిక్కీ అంటే ఏంటి, తేజకూ 334కూ బాడిగకూ రంగులో తేడా ఏంటి, తాలుకాయలు వేరే ఎందుకు పోస్తారు, కాటా ఎవరు వేస్తారు, రైతు పక్కన నిలబడి మాట్లాడుతున్నది కొనేవాళ్లా కమీషన్ ఏజెంటా అన్నవి తెలిశాక రెండోసారి వెళ్లి నోట్‌బుక్ తీయండి. రోజుకూలీ చేసేవాళ్లతో పని మధ్యలో మాట్లాడితే వాళ్ల కూలి పోతుంది. టీ తాగే వేళ వరకు ఆగండి. ఎండాకాలంలో యార్డుకు సెలవులిస్తారు, అప్పుడు కథ కోల్డ్ స్టోరేజీల దగ్గర, హమాలీల ఇళ్ల దగ్గర దొరుకుతుంది.

దిద్దడం ఎలా ఉండాలో ఒక ముక్క చూపిస్తాను. తొడిమలు తీసే మహిళల మీద ఒక విద్యార్థి ఇలా రాశాడనుకోండి:

"మిరపకాయల తొడిమలు తీసే మహిళల జీవితాలు దుర్భరంగా ఉన్నాయి. తెల్లవారుజామునే లేచి పనికి వచ్చే వీరి కష్టాలు వర్ణనాతీతం. చాలీచాలని కూలితో బతుకులీడుస్తున్నారు."

తప్పులేని తెలుగే. కానీ కాపీ దిద్దే మంచి సబ్ ఎడిటర్ చేతిలో ఈ మూడు వాక్యాల పక్కన మార్జిన్ నిండిపోతుంది. "దుర్భరం అని నువ్వనొద్దు, చదివినవాళ్లు అనుకోవాలి." "తెల్లవారుజాము అంటే ఎన్నింటికి? ఏ ఊరి నుంచి? ఆటోలోనా, నడిచా? ఆటో చార్జీ ఎవరిది?" "వర్ణనాతీతమైతే మరి మనం ఉన్నదెందుకు? వర్ణించు." "చాలీచాలని అంటే కిలోకు ఎంత? రోజుకు ఎన్ని కిలోలు? ఇది కూలీ చెప్పిందా, మేస్త్రీ చెప్పిందా? ఇద్దరి లెక్కా ఒకటేనా?" "కాయ ఘాటుకు చేతులు మండుతాయి కదా. ఇంటికెళ్లి చేతికి ఏం రాసుకుంటారు? ఆ చేత్తో చంటిబిడ్డను ఎలా ఎత్తుకుంటారు?"

ఈ ప్రశ్నలకు సమాధానాలు ఇంట్లో కూర్చుంటే రావు. మళ్లీ వెళ్లాల్సిందే. వెళ్లొచ్చి రాసేటప్పుడు దుర్భరం, వర్ణనాతీతం అన్న మాటల అవసరమే ఉండదు. పీజీలో మీకు ఇలాంటి మార్జిన్ ప్రశ్నలు వేసే మాస్టారో మేడమో ఒక్కరు దొరికినా వాళ్లను వదలకండి. అడగని అసైన్‌మెంట్లు కూడా రాసి చూపించండి. దొరక్కపోతే మీలాంటివాళ్లు ముగ్గురు కలిసి, ప్రతి ఆదివారం ఒకరి కాపీ ఒకరు దిద్దుకోండి. "బాగుంది" అనే మాట వాడకూడదని ముందే నియమం పెట్టుకోండి. ప్రశ్నలు మాత్రమే రాయాలి.

డిసర్టేషన్ అంశం కూడా ఇదే బీటులోంచి తీసుకోండి. ఎలాగూ నెలల తరబడి పనిచేస్తారు, అది లైబ్రరీ బీరువాలో పడి ఉండే బదులు నాలుగు వేల మాటల కథనంగా బయటికి రావచ్చు.

కాగితాలు, చట్టాలు

మనుషులు చెప్పింది కాగితంతో సరిచూడాలి. సమాచార హక్కు చట్టం వచ్చింది 2005లో. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. జవాబుకు 30 రోజుల గడువు. దినపత్రికవాళ్లకు నెల ఆగడం కష్టం, మీకు అది వరం. ఒకే ఉత్తరంలో ఇరవై ప్రశ్నలు గుప్పించకుండా, ఉన్న రికార్డు ఏదో పేరు పెట్టి, "ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం వరకు నకలు ఇవ్వగలరు" అని అడగండి. "ఎందుకు చేయలేదు?" అని అడిగితే తిప్పి పంపే అవకాశం ఎక్కువ.

పరువునష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్. లైంగిక దాడి బాధితుల పేరు గానీ, గుర్తుపట్టే ఆనవాళ్లు గానీ రాయకూడదని 72వ సెక్షన్ చెబుతుంది. మ్యాగజైన్ రచనలో ఇక్కడే ప్రమాదం, ఎందుకంటే మనం వివరాలు ఎక్కువ రాస్తాం. పేరు మార్చినా ఊరు, వీధి, తండ్రి పని, చదివే కాలేజీ కలిపితే మనిషి తెలిసిపోతుంది. కథనం పంపే ముందు ఆ ఊరివాళ్ల కళ్లతో ఒకసారి చదవండి. పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం, పోక్సో చట్టంలో దీనికి విడిగా నిబంధన ఉంది.

సోషల్ మీడియాలో కనిపించిన ఫొటో మీది కాదు. తీసినవాళ్లను అడిగి, ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా తీసుకోండి. వీలైనంత వరకు మీరే తీయడం నేర్చుకోండి. మ్యాగజైన్‌కు ఫొటో అంటే మనిషి ముఖం ఒక్కటే కాదు, చేతులు, పనిముట్లు, పని జరిగే చోటు కూడా కావాలి. ఫోన్‌లో తీసినా అసలు సైజు ఫైలే పంపండి, వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే సైజు తగ్గి అచ్చుకు పనికిరాకుండా పోవచ్చు.

ఒక సంచిక మొత్తం మీ చేతులతో చేయండి

పై చదువుల్లో దీనంత నేర్పే పని ఇంకోటి లేదు. నలుగురైదుగురు కలిసి ఒక్క డమ్మీ (నమూనా) సంచిక చేయండి. మధ్యలో పిన్ను కొట్టే పత్రిక అయితే పేజీల సంఖ్య నాలుగుతో భాగించబడాలి, కాబట్టి 32 పేజీలు అనుకోండి. ఒకరు ఎడిటర్‌గా ఉండాలి, ఆ మాటకు మిగతావాళ్లు కట్టుబడాలి. పేజీ కాగితం మీద గీసుకుని ఎక్కడ హెడ్డింగ్, ఎక్కడ ఫొటో, ఎక్కడ బాక్స్ ఐటెం అన్నది ముందే నిర్ణయించండి. రెండు పేజీల కథనానికి మ్యాటర్ నాలుగు పేజీలు వస్తే ఏది తీసేయాలో తేల్చుకోవడంలోనే ఎడిటింగ్ అర్థమవుతుంది. సొంత వాక్యాలు కొట్టేసుకోవడం కష్టమే, అయినా నేర్చుకోవాలి.

మన డీటీపీ సెంటర్లలో, చాలా పత్రికల్లో ఇప్పటికీ అను అనే పాత తరహా తెలుగు ఫాంట్లు వాడతారు. వెబ్‌కు, ఫోన్‌కు యూనికోడ్ కావాలి. రెండింట్లో టైపు చేయడం, ఒకదాని నుంచి ఇంకోదానికి మార్చాక ఒత్తులు ఎక్కడ చెడతాయో పట్టుకోవడం వస్తే డెస్క్‌లో (కాపీలు దిద్ది పేజీలు పెట్టే విభాగంలో) మీ అవసరం మొదటి రోజు నుంచే ఉంటుంది. పేజీలు పేర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్ కొంచెమైనా నేర్చుకోండి. ప్రూఫ్ ఎప్పుడూ కాగితం మీద ప్రింట్ తీసుకునే చూడండి.

డమ్మీ స్నేహితుల మధ్య ఉన్నంత వరకు ఇబ్బంది లేదు. నిజంగా పత్రికగా నడపాలనుకుంటే 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉన్న ప్రెస్, పీరియాడికల్స్ రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ముందు రిజిస్టర్ చేయించుకోవాలి. దరఖాస్తు ప్రెస్ సేవా పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే పెట్టాలి.

ఇంటర్న్‌షిప్, మొదటి కథనం

చాలా తెలుగు వారపత్రికలు ఆగిపోయాయి, ఆ సంగతి దాచాల్సిన పని లేదు. కానీ పెద్ద కథనాలకు చోటు పూర్తిగా పోలేదు. ఆదివారం అనుబంధాలు, వ్యవసాయ మాసపత్రికలు, వెబ్ పత్రికలు, ఇంగ్లిష్‌లో దేశవ్యాప్తంగా వచ్చే పత్రికలు ఉన్నాయి. గుంటూరు, కృష్ణా జిల్లాల పిల్లలకు వ్యవసాయ పత్రికలు ప్రత్యేకంగా కలిసొస్తాయి, ఎందుకంటే పొలం భాష మీకు పుట్టుకతో వచ్చింది. దాన్ని చిన్నచూపు చూడకండి.

"మీ పత్రికలో అవకాశం ఇప్పించగలరు" అని రాస్తే ఎడిటర్‌కు ఏం చేయాలో తెలియదు. ఒక కథ ఇస్తానని రాయండి. ఇలా:

"నమస్కారమండీ. నేను జర్నలిజం పీజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. తొడిమ తీసిన మిరపకాయకు, తీయని కాయకు ధరలో తేడా ఉంటుంది. ఆ తేడా తెచ్చిపెట్టే మహిళల కూలి ఎవరు, ఎలా నిర్ణయిస్తారన్నది నా కథనం. కూలీలతో, మేస్త్రీలతో, వ్యాపారులతో మాట్లాడాను, కోల్డ్ స్టోరేజీ లోపలి ఫొటోలు అనుమతితో తీశాను. 1,200 మాటల్లో ఈ నెలాఖరుకు ఇవ్వగలను. నేను రాసిన కథనం ఒకటి జత చేస్తున్నాను."

ఇంతే చాలు. పది రోజులు చూసి ఒకసారి గుర్తు చేయండి. అయినా జవాబు రాకపోతే "ఈ కథనాన్ని వేరే పత్రికకు ఇస్తున్నాను" అని చెప్పి ఇంకొకరికి పంపండి. ఒకేసారి ఇద్దరికి పంపొద్దు. ఇద్దరూ వేసుకుంటే ఆ రెండు తలుపులూ మూసుకుపోతాయి.

అచ్చయ్యాక మీరు పంపిన కాపీని, పేజీలో వచ్చిన దాన్ని పక్కపక్కన పెట్టుకుని తేడాలు చూడండి. ఎక్కడ కోశారు, ఇంట్రో (మొదటి పేరా) ఎందుకు మార్చారు, హెడ్డింగ్ ఏం పెట్టారు. వీలైతే దిద్దిన సబ్ ఎడిటర్‌కు ఫోన్ చేసి రెండు నిమిషాలు అడగండి. డెస్క్‌లో ఉండేవాళ్లకు ఇలా అడిగేవాళ్లంటే ఇష్టం, రెండోసారి మీ కాపీ వచ్చినప్పుడు ముందు తీసి చూస్తారు.

డబ్బు సంగతి మొహమాటపడకుండా కథనం ఒప్పుకున్న రోజే అడగండి: ఎంత ఇస్తారు, అచ్చయ్యాక ఎన్నాళ్లకు ఇస్తారు, ఫొటోలకు వేరేగా ఇస్తారా, ప్రయాణ ఖర్చులు ఎవరివి, ఇదే కథనాన్ని తర్వాత నా పుస్తకంలో వేసుకోవచ్చా. జవాబు మెయిల్‌లో ఉండేలా చూసుకోండి. ఫోన్‌లో చెబితే, "మీరు ఫోన్‌లో చెప్పినట్టు" అని మీరే ఒక మెయిల్ పెట్టండి. బ్యాంకు వివరాలు, పాన్ నంబరు కథనంతో పాటే పంపితే అకౌంట్స్‌వాళ్లు అడిగే వరకు ఆగక్కర్లేదు. చెప్పిన గడువు దాటితే ఎడిటర్‌ను విసిగించకుండా అకౌంట్స్ విభాగానికి సంచిక తేదీ, పేజీ నంబరు రాసి మర్యాదగా గుర్తు చేయండి.